పొలిమేర రాయిమీద వరదమ్మ పెట్టిన కాగితం

మా గుంటిమడుగుకు బస్సు రాకుండా చేసింది వరదమ్మే అని మిట్టపేట టీ అంగడికాడ ఇప్పటికీ చెప్పుకుంటా ఉంటారు. అది అబద్ధం. చాటింపు అయినాక పొలిమేర దాటినందుకే గంగమ్మకు కోపమొచ్చింది, మొగుణ్ణి తీసుకోనిపోయింది అంటారు. అదీ అబద్ధమే. మిట్టపేటోళ్లు పెట్టిన ఇడ్లీ తిని వాళ్ల పక్కకు చేరిపోయిందని ఇంకొక మాట. ఆ పొద్దు ఆమె నోట్లో పచ్చినీళ్లు గూడా పడలేదు. ఇంక మతి చెడిపోయిందనేవాళ్లకైతే నేను ఒకటే చెప్తా. పొయ్యి ఆమెను అడగండి, ఏ బస్సు ఎన్ని గంటలకు వస్తాది, ఏ దినం ఎంత లేటయింది అని. మతి చెడినోళ్లకు అంత గుర్తుంటాదా?

నేను ఐదో తరగతి దాకా సదువుకున్నా. మీ మాదిరి వరసగా చెప్పడం రాదు. అయితే ఆ పొద్దు నేను ఆడనే ఉండాను. ఆ కాగితం నా చేతిలోకి గూడా వచ్చింది. అందుకని నేనే చెప్పాల.

మా ఊరు ఏటికి ఈ పక్క. ఏరు దాటి ఒక మైలు నడిస్తే తారురోడ్డు. ఆడ ఏ బస్సు ఎక్కినా ముక్కాలు గంటలో తిరపతి. నడాన ఏరు ఒక్కటే అడ్డం. ఎండాకాలం అది ఏరు గాదు, ఉత్త ఇసక. చెప్పులు చేతబట్టుకోని దాటేస్తాం. దీపావళి ముందర వానలు పట్టినాయంటే మాత్రం రెండు నెలలు ఆ పక్క వేరే దేశమే. ఆ పక్కన ఇచ్చిన ఆడబిడ్డ కేకేస్తే ఈ పక్క తల్లికి వినబడతాది గానీ మొహం కనబడదు.

వరదమ్మ నాకు వరసకు వదిన. పొడుగు మనిషి, సన్నం. ఆమె నవ్వితే మూడిండ్ల అవతలికి వినబడేది. మా అత్త కుప్పమ్మ ఆ నవ్వు విని, "అదో, వరదమ్మ ఇంట్లో పొయ్యి రాజుకునింది, ఇంక మనమూ లేద్దాం" అనేది. ఆమె మొగుడు చెంగయ్య బెల్లం వండేవాడు. మా పక్క చెరుకు ఎంత బాగుండినా పాకం తెలిసినోడు లేకుంటే బెల్లం నల్లగా మాడిపోతాది, లేకుంటే గడ్డ కట్టకుండా కారిపోతాది. చెంగయ్య పాకం కాగే పెద్ద పెనంలోనుంచి ఒక చుక్క తీసి చెంబులో నీళ్లలో వేసేవాడు. రెండువేళ్లతో దాన్ని ఉండ చేసి, "ఆ, దించండి" అనేవాడు. అంతే మాట్లాడేది. దినమంతా కలిపి ఆ రెండు మాటలే. మిగతావన్నీ వరదమ్మ మాట్లాడేది. మొగుడు పెనంకాడ నిలబడితే ఆమె కింద పొయ్యిలోకి చెరుకుపిప్పి తోస్తా ఉండేది. పొగ ఇద్దరికీ సమానమే.

పిలకాయలు లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు ఈయనొక్కడు చాలు తల్లీ, సంకనెత్తుకునేదానికి" అని నవ్వేసేది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఎనభై ఒకటో సంవత్సరం. బెల్లం కాలం అయిపోతానే చెంగయ్యకు దగ్గు పట్టుకునింది. పొగ దగ్గులే అనుకున్నాం. మిరియాలు, కరక్కాయ, వాము అన్నీ అయినాయి. ఒక దినం తువాలులో రగతం సూసింది వరదమ్మ. మరసట్రోజే తిరపతికి పిలుచుకోని పోయింది. ఆడ పెద్దాస్పత్రిలో రొమ్ముకు ఫోటో తీసి, డాక్టరు చెప్పినాడంట, "వారానికి రెండు సూదులు. మంగళారం ఒకటి, శుక్రారం ఒకటి. ఏడాది పొడుగునా. నడాన ఆపితే జబ్బు మందుకు అలవాటు పడిపోతాది. ఆ తర్వాత ఎన్ని సూదులు పొడిచినా లొంగదు."

వరదమ్మ వేళ్లమీద నెలలు లెక్క పెట్టుకోని అడిగిందంట. "మరి ఏరొస్తే ఎట్ల సారూ?"

"ఏ ఏరు?" అన్నాడంట డాక్టరు.

ఆయన తప్పేముంది పాపం. తిరపతిలో కూర్చున్నాయనకు మా ఏరు యాడ తెలుస్తాది?

ఇంటికొచ్చినాక వరదమ్మ చెప్పిన మాట నాకు ఇంకా చెవిలో ఉండాది. "మే రత్నా, జబ్బు ఈయన రొమ్ములో లేదే. ఏట్లో ఉండాది."

గంగమ్మ జాతర అయినాక సూదులు మొదలుపెడదామనుకున్నారు. ఆ నడాన వచ్చింది నోటీసు. రేషన్ డిపో గోడకు అంటించి పొయినారు. వరదమ్మకు సదువు రాదు. నన్ను లాక్కోనిపొయ్యి సదవమనింది. నేను అచ్చరం అచ్చరం కూడబలుక్కుంటా సదివినాను. చిత్తూరు నుంచి తిరపతికి ఏటికి ఈ పక్క ఊర్ల మీదుగా కొత్త బస్సు వేస్తారంట. దానికోసం ఏట్లో తూములు, అంటే లావు సిమెంటు గొట్టాలు, వేసి పైన రోడ్డు కడతారంట. ఆ తూముల రోడ్డు గుంటిమడుగుకాడ కట్టాలనా, మిట్టపేటకాడ కట్టాలనా అనేది జనాన్ని అడిగి తేలుస్తారంట. సలహాలు, ఆక్షేపణలు ఉండేవాళ్లు శుక్రారం పదకొండు గంటలకు మిట్టపేట హైస్కూలుకు వచ్చి చెప్పుకోవాలంట. పనికి డబ్బు వచ్చేసిందంట, వానలకు ముందే ముగించేస్తారంట.

"వానలకు ముందేనా? ఇంకొకతూరి సదువు."

మూడుమాట్లు సదివించింది. మూడోతూరి సదివినాక గోడకు చెయ్యి ఆనించుకోని నిలబడిపోయింది. ఏడస్తా ఉండాదేమో అని వంగి సూసినాను. నవ్వుతా ఉండింది.

అయితే శుక్రారం అంటే ఏ శుక్రారం? ఆ ముందర మంగళారమే మా ఊర్లో జాతర చాటింపు.

తెలియనోళ్లకు చెప్తా. చాటింపు అంటే డప్పు కొట్టుకుంటా ఊరి చుట్టూ తిరిగి అమ్మ జాతర ఫలానా దినం అని చెప్పడం. ఆ డప్పు మోగినాక ఎనిమిది దినాలు మా ఊర్లో ఉండేవాళ్లు పొలిమేర దాటకూడదు. బయట ఉండేవాళ్లు లోపలికి రాకూడదు. పక్క ఊర్లల్లో రాత్రికి తిరిగొస్తే చాలంటారు. మాది అట్ల గాదు, కాలే బయట పెట్టకూడదు. అమ్మ ఊరి చుట్టూ గీత గీసినట్టు. అంతకు పదేండ్ల ముందర ఒకడు చాటింపు లెక్కచెయ్యకుండా నగరికి సినిమాకు పొయినాడు. ఆ యేడు ఊర్లో పిలకాయలకు అమ్మవారు పోసి నలుగురు పొయినారు. అందులో ఒకరు జాతర పెద్ద మునిరామయ్య మామ మనవరాలు. మామ చెడ్డోడని నేను చెప్పను. ఆ బిడ్డను చేతులమీద ఎత్తుకోని పొయ్యి పూడ్చినాయన ఆయనే.

వరదమ్మ మామకాడికి పొయింది. జాతర ఒక్క వారం ఎనక్కు జరపమని అడిగింది.

"గంగమ్మ తేదీని ఆఫీసు గుమాస్తా మార్చేదుంటాదా అమ్మా?" అన్నాడు మామ.

"అయితే మనం ఎవరం పోకుంటే మిట్టపేటోళ్లే రాయించుకోనిపోతారే మామా."

"ఏమని రాయించుకుంటారు? ఏరు యాడుండాది? మన ఊరికాడ గదా సన్నంగా, రాతి కట్టుమీద ఉండేది. మిట్టపేటకాడ అర మైలు ఎడల్పు. ఏటిమీద దోవ వేసేవాళ్లు ఏటిని సూడకుండా వేస్తారా? ఈడికే వస్తారు సూడు. వచ్చినప్పుడు పొలిమేరకాడ నిలబడి చెప్తాం."

అందురూ అదే అనుకున్నాం. నేనూ అదే అనుకున్నా. ఏరు సూడకుండా ఏటిమీద రోడ్డు ఎట్ల వేస్తారు? ఇంతవరకు నాకు అర్థం గాలేదు, ఎట్ల వేసినారో!

మంగళారం డప్పు మోగింది. శుక్రారం పొద్దున్నే వరదమ్మ ఇంటి వాకిట్లో ముగ్గు లేదు, నవ్వు లేదు. దాటిపోయింది.

హైస్కూల్లో జరిగింది నాకు ఆమె తర్వాత చెప్పింది. మిట్టపేటోళ్లు నాలుగు ట్రాక్టర్లలో జనాన్ని దించినారంట. దామోదరం అని ఆడ రైస్‌మిల్లు ఆయన, సార్లకు మజ్జిగ, పూలదండలు, బల్లమీద తెల్లగుడ్డ, అన్నీ ఏర్పాటు చేసినాడు. ఊరికొకరు లేచి మాట్లాడినారు. మీటింగు పెట్టిన సారు మా ఊరి పేరు పిలిస్తే వరదమ్మ లేచింది.

"మీ ఊరి నుంచి ఎంతమంది వచ్చినారమ్మా?"

"నేనొక్కదాన్నే సారూ."

"రోజుకు ఎంతమంది బస్సెక్కుతారు మీ ఊర్లో?"

"రోజుకు తెలీదు సారూ. వారానికి రెండుతూర్లు మేము ఇద్దరం ఎక్కుతాం."

స్కూలంతా నవ్వినారంట. దామోదరం లేచి, "సారూ, వీళ్లిద్దరికీ ఒక ఒంటెద్దు బండి శాంక్షన్ చెయ్యండి" అన్నాడంట. ఇంకా నవ్వినారు. వరదమ్మ నిలబడే ఉండింది. మొగుడి జబ్బు, సూదులు, ఏరు అన్నీ చెప్పింది. సారు మంచోడే. ఆయన నవ్వలేదంట. "అమ్మా, ఒకరి మాట మీద నేను రాయలేను. మిగతావాళ్లు ఎందుకు రాలేదు?" అని అడిగినాడు. జాతర అని చెప్పింది. ఆయన ఒక తెల్ల కాగితం మీద రెండు వరసలు రాసి ఇచ్చినాడు. ఊదారంగు సిరా డబ్బా గూడా ఇచ్చినాడు. "ఐదు గంటల దాకా ఈడే ఉంటాం. పది మందితో సంతకాలో వేలిముద్రలో వేయించుకోని రా. మీ ఊరు గూడా అడిగిందని రాస్తా. ఏటిని సూడ్డానికి ఇంజనీరును గూడా పంపిస్తా" అన్నాడు.

ఐదు మైళ్లు. ఎండ మాడస్తా ఉండింది. రెండు గంటలప్పుడు పొలిమేర రాయికాడ కేక వినబడింది. ఆ గొంతు ఊర్లో తెలియనోళ్లు లేరు. అందురూ పరిగెత్తినాం. రాయికి అవతల వరదమ్మ, ఇవతల ఊరంతా. దాటిపోయినామె తిరిగి లోపలికి రాకూడదు గదా, ఆడనే నిలబడింది. కొంగు తడిసి వంటికి అతుక్కునుండాది. చేతిలో కాగితం.

జరిగిందంతా ఊపిరందక చెప్పింది. "పది మంది అప్పా! పది వేళ్లు! అంతకన్నా నేనేమీ అడగడం లేదు. కాళ్లు దాటొద్దండి, వేళ్లు ఒక్కటి దాటించండి."

అందురూ మునిరామయ్య మామ పక్క సూసినారు.

మామ రాయికాడికి వచ్చి కర్ర ఆనించుకోని నిలబడినాడు. "వరదమ్మా, నువ్వు చెప్పు. రిజిస్ట్రాపీసులో వేలిముద్ర వేసొచ్చి, నేను పోలేదు, నా వేలే పొయింది అంటే ఒప్పుకుంటారా? వేలు పొయిందంటే మనిషి పొయినట్టే. మన పది మందీ ఆ కాగితంమీద మిట్టపేటకు పొయినట్టే."

"అమ్మకు ఆ మాత్రం తెలీదా మామా, ఎవరు పొయినారో ఎవరు పోలేదో?"

"అమ్మకు అన్నీ తెలుసు. తెలిసే నా మనవరాల్ని తీసుకునింది."

బండి తోలే చిన్నబ్బ ఒక్కడు ఎనకనుంచి, "అయితే అమ్మనే వేలిముద్ర వెయ్యమని అడుగుదాం మామా, ఆమెకు పది చేతులు, లెక్క సరిపోతాది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వినారు. మామ తిరిగి సూసేసరికి వాళ్లూ ఊరుకున్నారు.

వరదమ్మ కాగితాన్ని రాయిమీద పెట్టింది. పైన సిరా డబ్బా పెట్టి నాలుగడుగులు ఎనక్కు పొయ్యి నిలబడింది. గాలికి కాగితం అంచు పటపటా కొట్టుకుంటా ఉండింది. ఎవరూ కదల్లేదు.

నేను పొయినాను. మా ఊరి ఆడోళ్లలో అప్పట్లో సంతకం వచ్చేది నాకొక్కదానికే. వరదమ్మ కండ్లు నామీదనే ఉండాయి. కాగితం చేతికి తీసుకున్నా. పైన సారు చేతిరాత గుండ్రంగా, బాగుండాది. కింద అంతా తెలుపే. నా సంకలో ఏడు నెలల బిడ్డ. ఎనకనుంచి మా అత్త అనింది, గట్టిగా గూడా అనలేదు.

"రత్నా, సంకలో బిడ్డ ఉండాది."

అంతే.

నేను కాగితాన్ని మళ్లీ రాయిమీద పెట్టేసినాను. డబ్బాతో సహా. అది ఎగిరిపోకుండా డబ్బాను సరిగ్గా నడాన పెట్టినాను, ఏదో పెద్ద జాగర్త తీసుకున్నదాని మాదిరి.

అప్పుడు చెంగయ్య వచ్చినాడు. తువాలు నోటికి అడ్డం పెట్టుకోని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటా. బొటనవేలు సిరాలో అద్ది కాగితంమీద పెట్టినాడు. పాకం సూసినప్పటి మాదిరి రెండువేళ్లనీ ఒకతూరి రుద్దుకున్నాడు.

"అయితే నువ్వు గూడా దాటినట్టే చెంగయ్యా" అన్నాడు మునిరామయ్య మామ.

"ఆ" అన్నాడు చెంగయ్య. రాయి దాటిపొయ్యి పెళ్లాం పక్కన నిలబడినాడు.

వరదమ్మ వచ్చి కాగితం తీసుకునింది. మడిచి రొండిన దోపుకునింది. నాపక్క సూసి, "సరేలే రత్నా. బిడ్డ జాగర్త" అనింది. తిట్టినా బాగుండేది.

మొగుణ్ణి ఏటి ఒడ్డున కానగచెట్టు కింద కూర్చోబెట్టి ఆ కాగితం తీసుకోని మళ్లా ఐదు మైళ్లు పొయింది. సార్లు ఇంకా ఉండారంట. ఒక వేలిముద్ర చెంగయ్యది. ఇంకొకటి ఆమె అప్పటికప్పుడు వేసింది. సారు కాగితం తిప్పి ఎనక పక్క గూడా సూసినాడంట, ఇంకేమైనా ఉండాయేమో అని.

జాతర అయ్యేదాకా ఇద్దరూ ఆ కానగచెట్టు కిందనే ఉన్నారు. చిన్నబ్బ మాపటేళ పొలిమేర రాయిమీద సంగటి ముద్ద పెట్టి వచ్చేవాడు. సంగటి దాటొచ్చంట, సంతకం దాటకూడదంట.

రోడ్డు మిట్టపేటకు రాసేసినారు. ఇంజనీరు గింజనీరు ఎవరూ రాలేదు. దసరా లోపల తూములు పరిచి సిమెంటు పోసేసినారు. మొదటి బస్సుకు గుమ్మడికాయ కొట్టి, అరిటి పిలకలు కట్టినారు. మా ఊర్నుంచి గూడా సూడ్డానికి పొయినారు. మునిరామయ్య మామ కిటికీ పక్కన కూర్చోని ఒక ట్రిప్పు పోయొచ్చినాడు. అట్లని ఆయన్ను తిట్టడం దేనికి, నేనూ ఎక్కినాను.

సూదులు జూన్ నెలలో మొదలయినాయి. వరదమ్మ ఒక్కొక్క సూదికి ఇంటి గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఇసకలో మొగుణ్ణి నడిపించుకోని ఏరు దాటేది, అలసిపోతే ఈపున ఎక్కించుకునేది. సంకనెత్తుకుంటానని నవ్వేది గదా, అంతపనీ చేసింది. చెంగయ్యకు ఒళ్లు చేసింది గూడా. ఆకలి పుట్టింది. ఒక దినం మా వాకిట్లో నిలబడి, "రత్నా, ఈసారి బెల్లానికి వస్తా" అన్నాడు. ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడింది అదే మొదటితూరి. ముప్పై ఆరు గీతలు. నేనే లెక్కపెట్టి చెప్పినాను ఆమెకు.

ముప్పై ఆరో గీత తర్వాత ఏరొచ్చింది.

మిట్టపేట రోడ్డు ఉంది గదా అంటారేమో. మా ఊరికీ మిట్టపేటకూ నడాన కొండవంక ఉండాది. ఏరొచ్చినప్పుడే అదీ వస్తాది. చిన్నబ్బ రెండుతూర్లు బండి కట్టినాడు. మొదటితూరి ఒడ్డునుంచే తిప్పేసినాడు. రెండోతూరి వంకలో ఎద్దు కాలుజారి, కాడి తెగి, ముగ్గురూ చావు తప్పి బయటపడినారు. ఇంక వాడూ రాలేదు. ఇరవై మూడు దినాలు సూది లేదు. వరదమ్మ పొద్దున ఏటి ఒడ్డుకు, మాపటేళ వంక ఒడ్డుకు పొయ్యి నిలబడి వచ్చేది. ఆ యేడు జాతర తర్వాత ఊర్లో ఇద్దరు బిడ్డలకు అమ్మవారు పోసింది. నా బిడ్డకు గాదు, బతికే ఉండారు ఇద్దరూ. అయినా అందురూ వరదమ్మ వాకిలి తప్పించి తిరిగేవాళ్లు. ఆమె పొయ్యేటప్పుడు పలకరించేవాళ్లు గూడా తగ్గిపొయినారు.

ఇరవై నాలుగో దినం వంక తగ్గింది. మొగుణ్ణి పిలుచుకోని మిట్టపేటకు పొయింది. ఇంక ఎనక్కు రాలేదు. వానకాలం పోయేదాకా బస్సుకు దగ్గరగా ఆడనే ఉండాలని. బస్సు షెడ్డులో రెండు దినాలున్నారు. ఆయన దగ్గుకు జనం గొడవ చేసినారు. ఊర్లో ఎవరూ ఒక అరుగైనా ఇవ్వలేదు. రోడ్డు కట్టినప్పుడు మిగిలిపోయిన పెద్ద సిమెంటు తూములు మూడు ఏటిగట్టున పడుండాయి. మనిషి వంగి దూరేంత లావు. చివరి తూముకు ఒక పక్క గోనెపట్ట కట్టి అందులో చేరినారు. ఆ రోడ్డే మా ఊరికాడ కట్టింటే ఆ తూములు నీళ్లకింద ఉండేవి, వీళ్లు ఇంట్లో ఉండేవాళ్లు. నాకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి, ఏం చేసేది.

డాక్టరు మళ్లీ ఫోటో తీసి సూసి తల అడ్డంగా ఊపినాడంట. "ఎందుకమ్మా ఆపినారు?" అన్నాడంట. ఆమె ఏమని చెప్తాది? ఏ ఏరు అని మళ్లా అడుగుతాడు. సూదులు వేసినారు. పట్టలేదు.

ధనుర్మాసంలో ఒక పొద్దున, తిరపతి పోయే మొదటి బస్సు ఆపి హారన్ కొట్టినాడంట డ్రైవరు. మంగళారం గదా, వీళ్లకోసం ఒక నిమిషం ఆపేవాడు. వరదమ్మ గోనెపట్ట పక్కకు తీసి, పొమ్మని చెయ్యి ఊపింది. డ్రైవరుకు అర్థం గాక మళ్లా కొట్టినాడు. మళ్లా ఊపింది.

చెంగయ్యను ఆడనే ఏటిగట్టున పూడ్చినారు. వంక అవతలినుంచి నేను పోలేకపొయినాను. పోలేదు అని చెప్పడమే సరి. ఆ దినం వంకలో మోకాటి లోతే.

మరసటి జాతరకు ఆమె కుండలో అంబలి నెత్తిన పెట్టుకోని, చాటింపుకు ముందే ఊరికొచ్చింది. అమ్మకు పొయ్యనియ్యలేదు. పోట్లాడతాదని అనుకున్నాం. కుండ దించి రాయికాడ పెట్టి పొయింది. ఆ అంబలిని కుక్కలు గూడా తాగలేదని చెప్తారు, అదీ అబద్ధమే. మూడు కుక్కలు తాగినాయి, నేను సూసినాను.

ఎనిమిదేండ్లయింది. ఇప్పటికీ ఆ తూములోనే ఉండాది. ఉడకబెట్టిన చెనక్కాయలు పొట్లాలు కట్టి బస్సులో వాళ్లకు అమ్ముకుంటాది. జనాన్ని అడుగుతామని ఏ ఆఫీసోళ్లు యాడ మీటింగు పెట్టినా పోతాది. దోవకైనా, చెరువుకైనా, కరెంటు స్తంభానికైనా. ఎవరితోనైనా నోటీసు సదివించుకోని తేదీ కనుక్కుంటాది. పొయ్యి చివరి వరసలో కూర్చుంటాది. ఏమీ అడగదు. పేరు పిలిస్తే లేచి, "గుంటిమడుగు నుంచి ఒకరు వచ్చినారు సారూ, రాసుకోండి" అంటాది. అందుకే మతి చెడిందంటారు. పోయినేడు ఒక చదువుకున్నాయన ఆమెతో అన్నాడంట, "అమ్మా, మీ ఊరికాడ కట్టినా అంత తక్కువెత్తు రోడ్డు వానలకు మునిగేదే." అది నిజమే. మిట్టపేటకాడ ఏడాదికి నాలుగైదు దినాలు మునుగుతాది. "నాలుగు దినాలు మునిగితే ఒక సూది పొయ్యేది నాయనా" అనింది వరదమ్మ.

ఈ ఎండాకాలంలో నేను పొయ్యి సూసొచ్చినాను. అంబలి, నంజుకునేదానికి ఊరిబిండి తీసుకోనిపొయినా. తాగింది. నా బిడ్డ ఎంత పొడుగైందని అడిగింది. నవ్వు ఉండాది గానీ మూడిండ్లు వినబడేది గాదు. నేను లేచి బయల్దేరినాక అనింది, "రత్నా, సంతకం ఇంకా వస్తాదా నీకు?"

వస్తాది వదినా అన్నాను.

"మంచిది. మర్చిపోవాకు."

ఇప్పుడు మళ్లా వానలు. వారం దినాలుగా కొండవంక నిండుగా పోతా ఉండాది. టపా ఆయన పోయిన శనారం వంక అవతలినుంచి కేకేసి చెప్పినాడు, మిట్టపేట గట్టు కోసుకోనిపోతా ఉండాదని, రెండు తూములు ఒరిగినాయని. మూడోదాని సంగతి ఆయన సూడలేదంట. నాకు నలభై దగ్గర పడినాయి, నిండు వంక దాటలేను. దాటగలిగినప్పుడే దాటలేదు, అది వేరే.

మీలో చిత్తూరు నుంచి తిరపతికి మిట్టపేట బస్సులో పోయేవాళ్లు ఉంటారు. ఏరు దాటే ముందర ఎడమ పక్క కిటికీలోంచి సూడండి. గట్టున చివరి తూము, గోనెపట్ట కట్టుంటాది. బస్సు ఆగితే ఒక్క నిమిషం దిగండప్పా. వరదమ్మా అని పిలవండి. పలికితే ఒక పొట్లం చెనక్కాయలు కొనుక్కోండి, తిన్నావా అని అడగండి. పలక్కపోతే పట్ట తీసి సూడండి. ఏ సంగతైనా కండక్టరుతో చెప్పండి, ఆయన టపా ఆయనకు చెప్తాడు. గుంటిమడుగు నాగరత్న అడుగుతా ఉండాదని చెప్పండి.